ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు భార్యాభర్తలుగా నడిచి వెళ్లాలనుకుంటే

నేపాల్‌లోని లుక్లా నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ వరకు వెళ్లి తిరిగి రావడమంటే దాదాపు 130 కిలోమీటర్ల నడక. ఈ దారిలో తాళ్లు పట్టుకొని ఎగబాకవలసిన చోటు గాని, మంచుగొడ్డలి పట్టవలసిన చోటు గాని లేదు. రోజుకు ఐదారు గంటలు నడవగల ఆరోగ్యవంతులు ఎవరైనా సాధన చేసి వెళ్లవచ్చు. కష్టమంతా ఎత్తుతోనే. 5,364 మీటర్ల ఎత్తున ఉన్న బేస్ క్యాంప్ దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్, సముద్ర మట్టంలో అందేదానిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లోని ఎత్తయిన కొండలు కూడా 1,700 మీటర్లు దాటవు కాబట్టి, నడక మొదలయ్యే లుక్లా ఊరే మన రెండు రాష్ట్రాల్లోని ప్రతి శిఖరం కంటే వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున, 2,860 మీటర్ల దగ్గర ఉంది. అంత ఎత్తుకు మన ఒళ్లు ఎలా స్పందిస్తుందో ఇంటి దగ్గర కూర్చొని తెలుసుకునే మార్గం లేదు.

బయలుదేరే ముందే తేల్చుకోవలసిన మాట

దంపతులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒకే ఇంట్లో ఒకే తిండి తిని, ఒకే రకంగా సాధన చేసిన ఇద్దరిలో ఒకరికి ఎత్తు పడవచ్చు, మరొకరికి పడకపోవచ్చు. అది కండబలాన్ని బట్టి గాని, మగవారా ఆడవారా అన్నదాన్ని బట్టి గాని తేలేది కాదు. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే భర్త దారిలోని నామ్చే ఊళ్లో తల పట్టుకొని కూర్చుంటే, జిమ్ గడప తొక్కని భార్య పక్కనే హాయిగా భోజనం చేస్తూ ఉండవచ్చు. స్నేహితుల బృందంలోనైతే ఒంట్లో బాగాలేనివారు ఆ మాట బయటికి చెప్పేస్తారు. భార్యాభర్తల మధ్య అంత తేలిక కాదు. ఏడాదిగా డబ్బు కూడబెట్టి, సెలవులు సర్దుకొని, పిల్లలను అమ్మమ్మగారింట్లో వదిలి వచ్చిన ప్రయాణం తన మూలంగా ఆగిపోతుందన్న బెంగతో, "ఏం లేదండీ, కాస్త నీరసం, అంతే" అని ఆమె, "నాకేమైంది, నువ్వు నడువు" అని అతడు దాచిపెడతారు. ఎత్తులో వచ్చే జబ్బు ప్రాణం మీదికి వచ్చేదాకా ముదిరేది చాలాసార్లు ఇలాంటి దాపరికం వల్లనే.

అందువల్ల టికెట్లు కొనకముందే ఇద్దరూ కూర్చొని, ఒకరికి బాగాలేకపోతే రెండోవారు ఏం చేయాలన్నది కాగితం మీద రాసుకోవాలి. నా అభిప్రాయం ఇది: లక్షణాలు తేలికగా ఉంటే ఇద్దరూ అదే ఊళ్లో ఇంకొక రాత్రి ఆగాలి, దిగవలసి వస్తే ఇద్దరూ కలిసే దిగాలి. బాగున్నవారు గైడ్‌తో పైకి వెళ్లడం, బాగాలేనివారిని పోర్టర్‌కు అప్పగించి కిందికి పంపడం అన్న ఏర్పాటు కాగితం మీద సబబుగానే కనిపిస్తుంది గాని, రాత్రి పూట ఫోన్ సిగ్నల్ లేని లాడ్జిలో పరిస్థితి విషమిస్తే నిర్ణయం తీసుకోగల మనిషి పక్కన ఉండడు. ఇక చివరి మాట ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. అది మీ ఇద్దరిదీ కాకుండా గైడ్‌దయితే మేలు, ఎందుకంటే అతడు దిగమన్నప్పుడు మీలో ఎవరూ ఎవరినీ నిష్ఠూరం ఆడే అవసరం రాదు.

నేపాల్ ప్రభుత్వం 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెకర్లకు గైడ్ తప్పనిసరి అని ప్రకటించినప్పుడు, ఎవరెస్ట్ దారి ఉన్న ఖుంబు ప్రాంతపు స్థానిక పాలక సంస్థ ఆ నియమాన్ని తమ దారిలో అమలు చేయలేదు. నియమాలు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే నెలలో మరోసారి విచారించుకోవాలి. నియమం ఎలా ఉన్నా, ఇద్దరే వెళ్లేటప్పుడు ఒక గైడ్, ఒక పోర్టర్ ఉండడం వృథా ఖర్చు కాదు. ఇద్దరి సామాను కలిపి పోర్టర్ బరువు 20 కిలోలు దాటకుండా చూడాలి. అతడికి చలికోటు, బూట్లు, బీమా ఉన్నాయో లేదో నడక మొదలు కాకముందే అడగాలి.

సాధన, కాగితాలు

మన ప్రాంతంలో ఈ నడకకు మంచి సాధన మెట్లెక్కడమే. తిరుపతి చుట్టుపక్కల ఉన్నవారికి అలిపిరి దారిలోని 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలోని 2,388 మెట్లు ఉండనే ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్లలో ఉండేవారు ఎనిమిది కిలోల సంచీ వీపున వేసుకొని పదేసి అంతస్తులు ఎక్కి దిగినా ఊపిరితిత్తులకు అదే పని. తిరుమల మెట్ల మీద చాలామంది చెప్పులు విడిచి నడుస్తారు కనుక, ట్రెకింగ్ బూట్లను పాదానికి అలవాటు చేసుకొనే నడక మాత్రం వేరే దారిలో పెట్టుకోవాలి. ఎక్కడంతో పాటు దిగడం కూడా సాధన చేయడం ముఖ్యం. బేస్ క్యాంప్ నుంచి తిరుగు ప్రయాణంలో మోకాళ్లు పడే అవస్థ అంతా దిగుడులోనే. వారానికి ఒక రోజైనా ఇద్దరూ కలిసి నడిచి, వెనకబడేవారి వేగం ఎంతో ముందున్నవారు ఇక్కడే తెలుసుకోవాలి. అక్కడ ఆ వేగమే ఇద్దరి వేగం కావాలి. కొండ మీద వెనకబడేవారిని ముందు నడవనివ్వడమే దీనికి సులువైన ఉపాయం.

భారత పౌరులకు నేపాల్‌లో వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లేవారు పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని చూపాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసువారికి ఆధార్ కార్డు ఇందుకు చెల్లదు. ఈ సంగతి తెలియక విమానాశ్రయంలో ఆగిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన దంపతుల్లో ఒకరు ఆ దేశపు పాస్‌పోర్టు తీసుకొని ఉంటే, ఆ ఒక్కరికి కాఠ్మాండూలో దిగగానే వీసా తీసుకోవలసి ఉంటుంది. ఈ దారి సాగే సగర్‌మాథా జాతీయ ఉద్యానవనపు ప్రవేశ రుసుములో కూడా తేడా ఉంది: సార్క్ దేశాలవారికి 1,500 నేపాలీ రూపాయలు, ఇతరులకు 3,000, దాని మీద పన్ను అదనం. స్థానిక సంస్థ వసూలు చేసే పర్మిట్ వేరే. మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలన్న మారకం స్థిరంగా ఉంటుంది కాబట్టి లెక్క తేలికే; అయితే నామ్చే దాటాక ఏటీఎం ఉండదు, లాడ్జిలు నగదే అడుగుతాయి.

బీమా దగ్గర మాత్రం పట్టుదలగా ఉండాలి. మామూలు ప్రయాణ బీమాలు చాలావరకు ఒక ఎత్తు దాటిన నడకకు వర్తించవు. 6,000 మీటర్ల వరకు నడకకు, హెలికాప్టర్ తరలింపుకు వర్తిస్తుందని పాలసీలో అక్షరాలా ఉండాలి. ఏజెంటు నోటిమాట సరిపోదు. అవసరం లేని రోగులను కూడా హెలికాప్టర్ ఎక్కించి బీమా సొమ్ము రాబట్టే వ్యవహారం మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది కనుక, నడిచి దిగగలిగిన స్థితిలో ఎవరైనా హెలికాప్టర్ పిలుద్దామని తొందర పెడితే ముందుగా బీమా కంపెనీకి మీరే ఫోన్ చేయాలి.

రెండు సంచులు, రెండు సంసారాలు

ఇంట్లో అలవాటైన పద్ధతిలో డబ్బు ఒకరి దగ్గర, కాగితాలు ఇంకొకరి దగ్గర, మందులన్నీ ఒకే డబ్బాలో పెట్టుకోవడం ఇక్కడ పనికిరాదు. వాతావరణం బాగాలేనప్పుడు హెలికాప్టర్‌లో ఒక్కరికే చోటు దొరకవచ్చు. అప్పుడు రెండోవారు మూడు రోజులు నడిచి కిందికి రావాలి. అందువల్ల ప్రతి సంచీలోనూ దాని యజమాని గుర్తింపు కార్డు, సొంత నగదు, ఇద్దరి బీమా పాలసీల నకళ్లు, తలకు కట్టుకునే లైటు, చలి చొక్కా, మందుల చిన్న పొట్లం విడివిడిగా ఉండాలి. పవర్ బ్యాంకు, నీటిని శుద్ధి చేసే పరికరం, సన్‌స్క్రీన్ వంటివి ఒకటి చాలు. చేతి తొడుగులు, ఊతకర్రలు ఎవరివి వారికే ఉండాలి. ఒక జత కర్రలను చెరొకటి పంచుకొనే పొదుపు మోకాళ్లకు నష్టం.

డౌన్ జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు కాఠ్మాండూలోని థమేల్ వీధుల్లో అద్దెకు దొరుకుతాయి. ఒకదానికి ఎడమ వైపు, మరొకదానికి కుడి వైపు జిప్ ఉన్న ఒకే రకం బ్యాగులు రెండు తీసుకుంటే వాటిని కలిపి ఒక్కటిగా చేసుకోవచ్చు. లాడ్జి గదుల్లో రెండు సన్నని మంచాలు వేరువేరుగా ఉంటాయి గనుక మంచాలు దగ్గరికి జరపడం కుదురుతుందో లేదో ముందు చూసుకోవాలి. లుక్లా విమానంలో మనిషికి చేతిసంచీతో కలిపి 15 కిలోలే అనుమతిస్తారు.

దారి, రోజులు

మార్చి నుంచి మే వరకు, అక్టోబర్, నవంబర్ నెలల్లో దారి బాగుంటుంది. రద్దీ కాలంలో లుక్లా విమానాలు చాలావరకు కాఠ్మాండూ నుంచి గాక, నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం దూరంలో ఉన్న రామేఛాప్ జిల్లా మంథలి నుంచి బయలుదేరతాయి. అంటే అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకో రెండింటికో జీపెక్కాలి. నిద్ర లేని ఆ మలుపుల రోడ్డు మీదనే దంపతుల మధ్య మొదటి గొడవ వస్తుంది కాబట్టి, ముందు రోజు థమేల్ షాపింగ్ తగ్గించుకొని త్వరగా పడుకోవడం మంచిది.

లుక్లాలో దిగిన రోజు 2,610 మీటర్ల ఎత్తున ఉన్న ఫక్‌డింగ్ వరకు దిగుడు నడకే. మర్నాడు వేలాడే వంతెనలు దాటుతూ వెళ్లి, చివరి పెద్ద వంతెన తరువాత దాదాపు 600 మీటర్లు నిట్టనిలువునా ఎక్కితే 3,440 మీటర్ల నామ్చే బజార్ వస్తుంది. అక్కడ రెండు రాత్రులు ఉండాలి. మధ్య రోజున 3,880 మీటర్ల ఎత్తునున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకానో, ఎడ్మండ్ హిల్లరీ 1961లో బడి కట్టించిన ఖుమ్‌జుంగ్ దాకానో ఎక్కి, నిద్రకు మళ్లీ కిందికి రావాలి. ఆ తరువాత 3,860 మీటర్ల తెంగ్‌బోచే, 4,410 మీటర్ల దింగ్‌బోచే. దింగ్‌బోచేలోనూ రెండు రాత్రులు తప్పనిసరి. అక్కడి నుంచి తుక్లా మీదుగా 4,900 మీటర్లు దాటిన లొబూచే, మర్నాడు చివరి మజిలీ అయిన గోరక్ షెప్‌లో సామాను పడేసి బేస్ క్యాంప్ చూసి రావడం. శిఖరం బేస్ క్యాంప్ నుంచి కనిపించదన్న సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. 8,848.86 మీటర్ల ఎవరెస్ట్‌ను దగ్గరగా చూడాలంటే మరునాడు తెల్లవారుజామున 5,500 మీటర్లు దాటిన కాలా పత్థర్ ఎక్కాలి. ఇద్దరిలో ఒకరు అప్పటికే అలసిపోయి ఉంటే బేస్ క్యాంప్‌ను వదిలి కాలా పత్థర్‌ను ఎంచుకోమంటాను. కంటికి దొరికే ఫలం దాని మీదే ఎక్కువ.

3,000 మీటర్లు దాటాక ప్రతి రాత్రి పడుకునే ఎత్తు అంతకుముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకొక రాత్రి గడపాలని వైద్యుల సూచన. పైన చెప్పిన దారి ఈ హద్దును అక్కడక్కడా కాస్త దాటుతుంది కనుక, ట్రెకింగ్ సంస్థలు ఇచ్చే పట్టికకు రెండు రోజులు కలుపుకొనే సెలవు పెట్టాలి. ఒక రోజు ఎత్తుకు, ఒక రోజు విమానానికి.

దారి మర్యాదలు రెండు గుర్తుంచుకోవాలి. మంత్రాలు చెక్కిన మణి గోడలు ఎదురైతే అవి మన కుడిచేతి వైపు ఉండేలా నడవాలి. యాక్‌లు, యాక్‌కూ ఆవుకూ పుట్టిన జోప్క్యోలు బరువులతో వస్తుంటే లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడాలి. అవి వంతెన మీద అడుగు పెట్టి ఉంటే ఒడ్డునే ఆగాలి. ఫోటో కోసం ఒకరిని అంచున నిలబెట్టి ఇంకొకరు వెనక్కు వెనక్కు జరిగే అలవాటును ఈ దారిలో పూర్తిగా మానుకోవాలి.

రాత్రులు, లక్షణాలు

పొద్దున లేవగానే, రాత్రి భోజనానికి ముందు, ఒకరినొకరు నాలుగు విషయాలు అడగాలి: తలనొప్పి, వికారం లేదా ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె చెప్పించి నోటు పుస్తకంలో రాయాలి. ఎత్తు జబ్బును అంచనా వేయడానికి వైద్యులు వాడే లేక్ లూయీజ్ కొలత ఇలాంటిదే. అంకె అడిగినప్పుడు "బాగానే ఉంది" అని తప్పించుకోవడం కష్టం. తలనొప్పితో పాటు మిగిలిన మూడింటిలో ఒకటైనా ఉంటే దాన్ని ఎత్తు జబ్బుగానే లెక్కించి, తగ్గేదాకా ఒక్క మీటరు కూడా పైకి వెళ్లకూడదు. ఆగినా పెరుగుతుంటే దిగాలి.

దింగ్‌బోచే చేరాక రాత్రివేళ పక్క మంచం నుంచి వినిపించే శ్వాస మిమ్మల్ని భయపెట్టవచ్చు. ఊపిరి క్రమంగా బరువెక్కి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సేపు ఏ చప్పుడూ ఉండదు. తరువాత ఒక్కసారిగా పెద్ద ఊపిరి తీసుకొని మళ్లీ మామూలవుతుంది. ఎత్తులో నిద్రపోయే చాలామందిలో ఇది సహజం. లేపి అడిగినప్పుడు మనిషి తెలివిగా మాట్లాడి, కూర్చున్నప్పుడు ఆయాసం లేకుండా ఉంటే కంగారు పడనక్కర్లేదు. నిద్రమాత్రలు, మద్యం మాత్రం ముట్టకూడదు.

అసలు భయపడవలసినవి వేరే ఉన్నాయి. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, ఆగని దగ్గు, నురగతో కూడిన కఫం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తులు. తడబడే నడక, పొంతన లేని మాట, అకారణమైన చిరాకు మెదడు వాపుకు గుర్తులు కావచ్చు. అనుమానం వస్తే లాడ్జి వసారాలో చెక్కల మధ్య గీత ఒకదాన్ని చూసుకొని, దాని మీద మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమనాలి. పోల్చుకోవడానికి ముందు బాగున్నవారు నడిచి చూపాలి. తూలితే తెల్లవారేదాకా ఆగకూడదు. లైట్లు కట్టుకొని, ఇద్దరూ గైడ్‌తో కలిసి అప్పుడే దిగడం మొదలుపెట్టాలి. దింగ్‌బోచేకు దగ్గరలోని ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాల వసంత, శరత్ కాలాల్లో పని చేస్తుంది. ఎక్కేటప్పుడు అక్కడ మధ్యాహ్నం వైద్యులు ఇచ్చే ఎత్తు జబ్బు ఉపన్యాసం వినడం మంచిది. నామ్చే పైన ఖుందేలో 1966 నుంచి ఆసుపత్రి ఉంది.

ఎత్తు జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా వాడే ఎసిటజోలమైడ్ మాత్రను సాధారణంగా పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు ముందే వైద్యుడికి చెప్పాలి. వేళ్లలో తిమ్మిరి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం దీని వల్ల మామూలే. గర్భం ఉందన్న అనుమానం ఉన్నా ఈ ప్రయాణం వాయిదా వేయాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవారు, ఎత్తులో రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి తమ వైద్యురాలిని అడగాలి. నెలసరి తేదీ ముందువెనకలవడం కూడా జరుగుతుంది కనుక ప్యాడ్లు లెక్కకు మించి పెట్టుకోవాలి. వాడినవి మూసే సంచీలో కిందికి తెచ్చుకోవాలి, లాడ్జి మరుగుదొడ్లలో వేయకూడదు.

తిండి, తిరుగు ప్రయాణం

ఖుంబులో జంతువులను చంపరు. అక్కడ దొరికే మాంసం కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చింది కనుక దాని జోలికి పోకపోవడం మేలు. దాల్ భాత్ అడిగితే అన్నం, పప్పు మళ్లీ వడ్డిస్తారు. ఎత్తు పెరిగే కొద్దీ నాలుకకు రుచి తప్పి, ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు కందిపొడో, కరివేపాకు పొడో, ఒక చిన్న పొట్లం ఊరగాయో నాలుగు ముద్దలు ఎక్కువ తినిపిస్తుంది. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీరు ఇద్దరూ తాగారో లేదో సాయంత్రం సీసాలు చూసి సరిచూసుకోవాలి. రాత్రి ఆ సీసాలు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోకపోతే పొద్దునకు గడ్డకడతాయి. భోజనాల గదిలో నడిమధ్య ఉండే పొయ్యిని సాయంత్రం మాత్రమే వెలిగిస్తారు. తడి మేజోళ్లు దాని పక్కన ఆరేసే చోటు కోసం త్వరగా చేరుకోవాలి.

దిగేటప్పుడు గోరక్ షెప్ నుంచి మూడు రోజుల్లో లుక్లాకు రావచ్చు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మే లుక్లాలో విమానాలు పొద్దున్నే ఎగురుతాయి, ఎగరని రోజులూ ఉంటాయి. అందువల్ల చేరిన సాయంత్రమే లాడ్జి యజమాని ద్వారా టికెట్లు ఖాయం చేసుకొని, గైడ్‌కు, పోర్టర్‌కు ఇవ్వదలచిన బహుమానం వేరువేరు కవర్లలో ఆ రాత్రి భోజనం దగ్గరే ఇద్దరూ కలిసి ఇచ్చేయాలి. మర్నాడు విమానం పిలుపు వచ్చాక అందుకు వ్యవధి ఉండదు. కాఠ్మాండూ నుంచి ఇంటికి వచ్చే టికెట్టును లుక్లా విమానం రోజునే పెట్టుకోకుండా కనీసం రెండు రోజుల తరువాతి తేదీకి కొనాలి.